ముడి మందం

మా బడి గ్లోబుకి దక్షిణ ధ్రువం దగ్గిర మర వదులు.
తిప్పితే కిర్రుమంటుంది, ఆగమంటే ఆగదు.
ఎనిమిదో తరగతి మొగిలీశ్వరి కళ్లు మూసుకుని
రెండు చేతులా రెండు వేళ్లు దించింది.
ఒకటి లీమా, ఇంకోటి హెల్సింకి.
"ఈ ఎయిర్‌పోర్టు నుంచి ఆ ఎయిర్‌పోర్టుకి ఎంత దూరం సార్?"
ఎవురుండారమ్మా ఆడ, అంటే
"ఎవురూ లేరు సార్, ఊరికే."

ఊరికే అడిగిన ప్రశ్నకి
ఊరికే చెప్పే జవాబు నా దగ్గిర లేదు.
గోడపటం మీద స్కేలు పెట్టి గీత గీసినాను.
"భూమి గుండ్రం గదా సార్" అనింది.
చిత్తూరు, గ్రీమ్స్‌పేట, మధ్యాన్నం మూడు గంటలు,
నలభై మంది ముందర
చాక్‌పీసు కింద పెట్టినాను.

సంచిలో నుంచి దారం తీసింది,
వాళ్లమ్మ దేశమ్మ పూలు కట్టే దారం.
ఒక కొస లీమా మీద, ఒక కొస హెల్సింకి మీద.
వదులుగా ఉన్నంతసేపూ ఎట్లెట్లో పోయింది గానీ
లాగి పట్టుకుంటే
దారమే జరిగి జరిగి దారి ఎతుక్కుంది
అట్లాంటిక్ మీదుగా, ఉత్తరం పక్కకి ఒంగి.

ఇరవై ఎనిమిది సెంటీమీటర్లకి రవ్వంత తక్కువ.
గ్లోబు కాలి దగ్గిర అచ్చేసిన లెక్క చూసి
ఒక్కోదానికి నాలుగు నూట ఇరవై అయిదు చొప్పున గుణిస్తే
పదకొండు వేల ఎనిమిది నూర్ల చిల్లర కిలోమీటర్లు.
గంటకి తొమ్మిది నూర్లు పోతే పదమూడు గంటల పైన.
నేరుగా పొయ్యే విమానం ఉందో లేదో నాకు తెలీదు,
ఉంటే, అని చెప్పినాను.

"కొసాన ఏసిన ముడి కలిపినామా సార్?"

ముడి మందం ఒక మిల్లీమీటరు.
అంటే నలభై రెండున్నర కిలోమీటర్లు.
అంటే ఇక్కడి నుంచి పలమనేరు.
మొగిలి ఘాటు మలుపులన్నీ,
మలుపులో అడ్డంగా నిలిచిపోయిన టమాటా లారీ,
దాని ఎనకాల తెల్లారుజాము బస్సులో
పూలమూట ఒళ్లో పెట్టుకుని కునుకు తీసే దేశమ్మ,
అంతా ఆ ముడిలోనే.
గంట దారి. లారీ కదలకపోతే ఎంతో
ఏ గ్లోబు కాలి దగ్గిరా అచ్చెయ్యలేదు.

ఆ పిల్ల నా మాట వినడంలేదు.
మోచెయ్యి నుంచి నడిమేలి కొసదాకా దారం పరిచి
"మూర నలభై అయిదు సార్,
అంటే పంతొమ్మిది వేల కిలోమీటర్లు.
మాయమ్మ ముప్పై రూపాయలకే ఇస్తాది."
ఎనక బెంచీలు నవ్వినాయి.

రెండు మూరలు కొలిచి భూమి నడుముకి చుట్టింది.
కలవలేదు.
ఆఫ్రికా పక్కన రెండు వేళ్ల సందు.
"అయ్యో, కొసరు మరిచిపోయినా" అని
ఇంకొంచెం దారం వదిలింది.
కలిసింది.

బెల్లు కొట్టినారు. బెంచీలు, చెప్పులు, దుమ్ము.
గ్లోబుని బీరువాలో పెట్టబోతూ చూస్తే
అట్లాంటిక్ నడిమధ్యన
ఎండిన కనకాంబరం రేకు ఒకటి,
దారంతో వచ్చినట్టుంది.
ఊదబోయి ఆగినాను.
పదమూడు గంటల్లో
అది ఎన్నో గంట దగ్గిర ఉండాదో
స్కేలు కోసం ఎతుకుతా నిలబడినాను.