తమర్ హింద్

చింతపండు నానేసి పక్కన పెడితే
ఉమ్ గానిమ్ కర్ర తాటించుకుంటా వంటింట్లోకొచ్చి
వేలు ముంచి నాకి
"తమర్ హింద్" అనింది.
హిందూదేశపు ఖర్జూరమంట!

నవ్వు ఆపుకోలేకపోయినా.
మాండవ్య ఏటి గట్టున కోతులు రాల్చే కాయ,
మా అత్త ఓబులమ్మ ఉప్పు కలిపి కుండకెత్తే కాయ,
తల్చుకుంటేనే పళ్ళు జివ్వుమనే కాయ,
ఖర్జూరమెట్లయితాది తల్లీ?

"మావోళ్ళు మీ రేవులో దిగినప్పుడు
వాళ్ళెరిగిన పండు అదొకటే" అనింది.
"నువ్వు మాత్రం?
మొన్న మా హరీసును ఏమన్నావు?"

సంగటి అన్నా.
నిజమే. రంజాను ముందు రాత్రి
గోదుమలూ మాంసమూ ఒకటయ్యేదాకా
కొయ్య తెడ్డుతో మెదిపి మెదిపి
రెక్కలు పీకుతాంటే
నోట్లోంచి అదే మాట ఊడిపడింది.
రెక్కలకు అరబ్బీ రాదు, బరువు తెలుసు.

ఒకనాడు ఇంటిల్లిపాదీ మాలుకు పోయినాక
ఇత్తడి మొలల పెట్టె తెరిపించింది.
లోపల ఏమీ లేదు.
మూత ఎత్తంగానే మిరియాల ఘాటు.
నూనె బావులు పడకముందరిది,
ఇంకా తుమ్ము తెప్పించింది.

"మా నాయనది.
మనవళ్ళు నోఖదా అని చెప్పుకుంటారు,
ఓడ నడిపినోడని.
కాదు. ఓడలో వంటోడు.
ఇసక పోసిన పెట్టెలో పొయ్యి పెట్టి
గాలివాటం చూసుకొని మంటేసేవాడు.
ఖర్జూరాలు దించి బియ్యమెక్కించే రేవుల్లో
దినుసు కొంటే చాలదని
ఎట్లా వండాల్నో అక్కడి ఆడోళ్ళనడిగేవాడు.
వాళ్ళు చెప్పింది సగమే అర్థమయ్యేదంట.
అర్థం కాని సగమే మా మచ్‌బూసు."

ఈ మాట ఎవురికీ చెప్పొద్దనింది.
చెప్పడానికి నాకెవురుండారు,
ప్రెషర్ కుక్కరు తప్ప.

"ఇంతకీ ఇక్కడ పండిందేముంది?" అన్నా.
కిటికీ వైపు గడ్డమెత్తింది.
"ఎండ."
అని, అరచేతిలో ఒక లూమీ పెట్టింది.
నల్లగా, ఎండిన కప్ప మాదిరి,
ఊపితే గలగలమనే నిమ్మకాయ.
"ఇది కూడా ఒమానోళ్ళదే.
దబ్బనంతో పొడువు.
పొడవకుంటే కూరలో రాయే."

ఆ పొద్దు నేను నిలబడి తినలేదు.
కర్రతోనే స్టూలు నా వైపు నెట్టింది.

శుక్రవారం జ్లీబ్‌లో మా రూము.
ఆరు మంచాలు, ఒకటే పొయ్యి.
వంకాయ పులుసులో రెండు లూమీలు పడేసినా.
"చచ్చిన ఎలకపిల్లలేందే ఇవి?"
రెడ్డెమ్మ గరిటె ఎత్తి చూపించింది.
సముద్రం నిమ్మకాయలన్నా.
పేరు అప్పుడే పుట్టింది, నాకూ కొత్తే.

పక్క రూము తిగిస్త్
వాళ్ళ పుల్ల రొట్టె తుంచి ముంచుకొని
కండ్లు మూసుకొని నమిలి
"ఇది మా వాత్" అనింది.

దిద్దబోయి ఊరకున్నా.

గిన్నె అడుగున లూమీ చిట్లి
గింజలు తేలినాయి.
రెడ్డెమ్మ ఒకటి కొరికి
"థూ, చేదు" అని ఊసి
రెండోది నాకుంచమనింది.