బొమ్మ లేని రీలు

ఓదెలు సారు నాకు మొదలు చెప్పిన మాట:
"మైకు మనిషి నోటికాడ పెట్టకురా,
మాట్లాడనప్పుడు ఏడ కూసుంటడో
ఆడ పెట్టు."
నాకు సమజ్ కాలె.
పెండ్లిళ్లకు లౌడ్‌స్పీకర్లు కట్టెటోణ్ణి,
సప్పుడే నా బువ్వ.

కొత్తవాడల జంపఖానాల మగ్గం పక్కన పుట్టిండు సారు,
కుడిక్యాలోళ్ల మూడో పిలగాడు.
పుణె పోయి సినిమా సదివొచ్చిన్నంటే
వాళ్ల నాయిన అడిగిండట,
"ఎన్ని గజాలు నేసినవ్?"

జవాబుకు తొమ్మిదేండ్లు పట్టింది.

భార్య పుస్తెలతాడు,
హన్మకొండ బ్యాంకుల ఒక క్లర్కు దోస్తు జమానతు,
గడువు దాటిన ముడి ఫిల్ము పద్నాలుగు డబ్బాలు.
హీరో లేడు. పాట లేదు.
ఒక ముసలామె, ఒక మగ్గం,
కిటికీలకెల్లి వచ్చిన ఎండ
గోడెక్కి దిగిపోయేదాకా.

గాజుల కనకవ్వను కూసోబెట్టి
"నువ్వు నెయ్యి, మేం లేమనుకో" అన్నడు.
నేసింది.
పోగు తెగింది. ముడేసింది.
మళ్ల తెగింది. తిట్టింది, మా అందర్ని కలిపి.
సారు కట్ అనలె.
రీలైపోయి కెమెరా కడుపుల టపటప కొట్టుకుంటున్నా అనలె.
కెమెరా పట్టిన మద్రాసు పిలగాడు నా దిక్కు చూసిండు,
నేను సారు దిక్కు,
సారు ఆమె బొటనవేలు దిక్కు.

ఆజంజాహి మిల్లు సైరన్ కూస్తే
వాడ మొత్తం ఒక్క గడియ ఆగి మళ్ల నడిచేది.
"గది పట్టు" అన్నడు.
మూడు దినాలు ఎవలదో మిద్దె మీద పండుకొని పట్టిన.
కొన్నేండ్లకు మిల్లే మూసిండ్రు.

ఎక్కడనో మంచు పడే ఊర్ల
మా సినిమా చూసి లేచి నిలబడ్డరట.
వరంగల్ల ఒక్క పొద్దుటాట.
పదకొండు మందిమి,
అండ్ల ముగ్గురు ఎండకు తాళక ఫ్యాను కిందికొచ్చినోళ్లు.
ఇంటర్వెల్ల పల్లీలమ్మేటోడు సారునే అడిగిండు,
"అన్నా, కత ఎప్పుడు షురువైతది?"

తర్వాత నారికురుపు మీద పది నిమిషాలు,
పట్టుపురుగుల మీద ఇరవై,
చిన్న కుటుంబం మీద లెక్కలేదు.
నారికురుపు బొమ్మల గుడ
నీళ్లు వడగట్టే బట్టను
ఇంకా మగ్గం మీదున్నట్టే చూపెట్టిండు.
ఆఫీసరు కోసేయించిండు.
రెండో సినిమా కాయితం మీదనే ముసలిదైంది.

మొన్న పట్నంకెల్లి ఎవరో వచ్చిండ్రు,
పాత సినిమాలు కాపాడుతమని.
అటక మీది డబ్బా మూత తీస్తే సిర్క వాసన.
బొమ్మలన్ని కరిగి, అతుక్కపోయి,
బెల్లం అచ్చు లెక్క.
సారు ముక్కు మూసుకోలె.
వేలు పెట్టి గీరిండు.
గోటికి నల్లగ ఏదో అంటింది.
"కిటికీ కావచ్చు" అన్నడు.

టేపులు మాత్రం నా కాడున్నయి,
చీర సుట్టి, బియ్యం డబ్బాల.

నిన్న రాత్రి సొసైటి షెడ్డుల
తెల్లబట్ట కట్టినం, ఎందుకో, అలవాటు.
లైట్లు బందు పెట్టి సప్పుడిడిసినం.
డక్. డడక్. డక్.
చీకట్ల ఎవలో అన్నరు,
"గది మా నాయిన మగ్గం,
ఎడమ తొక్కుడుచెక్క ఇరిగుండె."
ఇంకొకరు, "ఆగుండ్రి, ఇప్పుడు కనకవ్వ తిడ్తది."
తిట్టింది.
షెడ్డు షెడ్డంత నవ్వింది.
ఆమె పోయి పందొమ్మిదేండ్లు.

అప్పుడు సైరన్ కూసింది.
ముసలోళ్లు నలుగురు
కూసున్నకాడికెల్లి లేచిండ్రు,
లేచినంక ఎందుకు లేచినమో తెల్వక
చెప్పుల కోసం తడుముకున్నరు.

లైటేసినంక కనకవ్వ కోడలొచ్చింది.
"సారూ, మా అత్త యాది చేసేది,
రెండోనాటి కూలి, ఇరవై రూపాలు, బాకీ."
సారు అంగీ జేబుల వెతికి
అయిదువందల నోటు తీసిండు.
ఆమె కాడ చిల్లర లేదు. నా కాడ లేదు.
నోటు ఇద్దరి నడుమ అట్లనే ఉన్నది.
టేపు ఇంకా తిరుగుతనే ఉన్నది, అండ్ల ఏం లేదు,
ఎవలూ మాట్లాడని ఒక అర్ర.
బందు చెయ్యబోయిన.
"ఉండనీరా" అన్నడు.