వచ్చిన పని

క్యాంపుల ఉండేటోళ్లం
క్యాంపింగుకు పోదామనుకున్నం.
పద్నాలుగో నంబరు రూము నవ్వింది,
పై మంచాలు కింది మంచాలు కలిసి కిర్రుమన్నయి.

డిసెంబరు రెండు, మూడు. జాతీయ దినం సెలవు.
జీతం కొయ్యరు, సైటు తెరవరు.
షార్జా దాటినంక రెండు గంటల దూరంల
ఎడారికి కంచె వేసి పార్కు చేసిండ్రట.
"ఉస్కెకు కంచెందుకురా, ఎవడెత్కపోతడు?"
అన్నడు బుచ్చిలింగం కాక.
లోపల జింకలున్నయట. దగ్గరికి పోవద్దట.
ఎండిన పుల్ల సుత ఏరద్దట,
కట్టెలు పెట్రోలు బంకుల కట్ట లెక్కన కొనాల్నట.

సిమెంటు సంచి చింపి
లోపలి కాయితం మీద లిస్టు రాసినం.
నీళ్లు నలభై లీటర్లు.
ముత్తెన్న నలభై కొట్టేసి అరవై చేసిండు,
ట్యాంకరు మీద చేసినోడు, నీళ్ల సంగతి ఆయనకెరుక.
మక్కరొట్టెలు. ఎల్లిపాయ కారం.
కోళ్లు రెండు, ఉప్పు పసుపు పట్టించి, మంచుగడ్డల డబ్బల.
టెంటు కిరాయి నూట ఇరవై దిర్హాములు –
అది చదివి అందరం ఒక్కసారే కొట్టేసినం.
నలభై అంతస్తులకు పరంజి కట్టినోళ్లం,
ఐదుగురు పండే నీడ కట్టలేమా?
చినిగిందని సూపర్‌వైజరు పారేయమన్న
నీలం తాడిపత్రి నా మంచం కిందనే ఉన్నది.

బండి గుల్ జమాన్‌ది. పఠాను.
కిరాయి వద్దన్నడు, ఒకటే షరతు:
నన్ను సుత తోల్కపోవాలె.
టైర్ల గాలి సగం తియ్యాలె,
లేకుంటే ఉస్కె బండిని మింగుతదన్నడు.
సగం గాలితోని నడుసుడు
మాకేం కొత్త గాదు.

రాత్రి ఎనిమిది డిగ్రీలకు దిగుతదట.
జూన్ల యాభైని మోసిన ఒళ్లు
ఎనిమిదికి వణుకుతదంటే ఎవ్వరం నమ్మలే.
కాక మాత్రం సప్పుడు చెయ్యకుంట
లిస్టుల లేని రగ్గొకటి మడతపెట్టి
సంచి అడుగున పెట్టిండు.

ఆయనకొకటే అనుమానం:
"ఆడ గొల్లకావడి కనిపిస్తదా?"
ఈ దేశమొచ్చి పందొమ్మిదేండ్లాయె.
క్యాంపు గోడ మీద లైట్లు తెల్లందాక మండుతయి,
మా ఆకాశం ఒక పసుపుపచ్చ రేకు.
ఊర్ల ఉన్నప్పుడు
గొల్లకావడి నడినెత్తికొస్తే
త్రీఫేజు కరెంటొచ్చే యాళ్లయిందని లేచి
మోటరు పెట్టబోయేటోడట.
దాని పక్కకే పిల్లలకోడి,
పిల్లలెన్నని లెక్కవెట్టుకుంట
మడి నిండేదాక గట్టు మీద కూసునేటోడట.
"కనిపిస్తది కాకా," అన్న నేను.
నాకేం తెలుసు. నేను సుత చూడలే.

అన్నీ అయినంక పర్మిషన్ ఫారం మిగిలింది.
ఫోన్ల నింపాలె. పదో తరగతి పాసైనోణ్ని నేనే,
రాసుడు నా మీద పడ్డది.
ఐదు పేర్లు. ఐదు ఐడీ నంబర్లు.
రాజేశం పేరు పాస్‌పోర్టుల తప్పు పడింది,
ఆ తప్పే సక్కగ రాసిన.
కంపెనీ. స్పాన్సరు. ఫోన్ నంబరు.
ఆఖరి గడి:
వచ్చిన పని.

అందరం ఆగినం.
ఈ దేశంల ఏ కాయితమైనా అడిగేది అదే,
చెప్పుడు ఎన్నడు ఆలస్యం కాలే.
మేస్త్రి. హెల్పరు. స్టీల్ ఫిక్సరు.
ఇయ్యాల నోరు తెరిస్తే ఒక్కటీ సరిపోతలేదు.

ముత్తెన్న "చుక్కలు" అన్నడు.
రాజేశం "జింకలు" అన్నడు,
మళ్ల "కోడికూర" అని మార్చిండు.
గుల్ జమాన్ తన భాషల ఏందో అని నవ్విండు,
అర్థం అడిగితే చెప్పలే.

కింది మంచం మీద కండ్లు మూసుకొనే
కాక అన్నడు:
"ఉత్తగనే అని రాయిరా."

ఉత్తగనే.
దాన్ని ఇంగ్లీషుల ఏమంటరో ఫోన్ల వెతికిన.
ఖాళీగ అన్నది, దండుగ అన్నది,
పైసలు తీసుకోకుంట అన్నది.
గడి వదిలేస్తే ఫారం ముందుకు పోతలేదు.
ఆఖరుకు తెలుగులనే కొట్టిన.

పంపిన కాణ్నుంచి
తెర మీద చక్రం గిర్రున తిరుగుతనే ఉన్నది.
రాజేశం మాత్రం ఆగలే,
చొక్కా చేతులు పైకి మలిచి
కోళ్లకు ఉప్పు పట్టిస్తున్నడు.