పడుకున్న పనస

కాటాలకు ముద్ర వేసే ఉద్యోగం నాది.
పలాస జీడిపప్పు బట్టీల్లో
రెండు రోజులు ఇనప రాళ్లు ఎత్తీ దించీ
అన్నం ముద్దకి కూడా ఇనుము వాసన.
విశాఖ బండికి ఇంకా నాలుగు గంటలుంది.

"ఊరికే కూకుంటే ఏటొస్తాది బావూ,
మందస దాటినాక ఓ పనసుంది, సూద్దురు గాని"
అన్నాడు ఆటో గున్నయ్య.
రానూ పోనూ మూడొందలు.
చెట్టుని చూడ్డానికి డబ్బివ్వడం
నా జన్మలో అదే మొదలు.

జీడితోటల మధ్య ఇసక దారి.
తిత్లీ తలలు తెంపుకుపోయిన కొబ్బరి మొండేలు
ఇంకా అక్కడక్కడ నిలబడే ఉన్నాయి.
పనస కూడా నిలబడే ఉంటుందనుకున్నాను.

నేల మీద ఉంది.
పెళ్లి వంటలన్నీ అయ్యాక
గాడిపొయ్యి పక్కనే ఒరిగిపోయిన పెద్దావిడలా
తల కింద ఓ కొమ్మ మోచెయ్యి పెట్టుకొని.
సగం వేళ్లు ఆకాశంలో ఎండిపోయి,
సగం వేళ్లు మట్టిని విడవకుండా.
మోకాలెత్తున కాయలు!
ఓ మేకపిల్ల కాయ మీదెక్కి
చుట్టూ చూస్తోంది, ఊరంతా తనదైనట్టు.

చాటలో జీడిపిక్కలతో వచ్చింది తవిటమ్మ.
ఎన్నేళ్ల చెట్టన్నాను.
"మా మాంగారి తాతకే తెల్దు,
నానేటి సెప్పగలను?"

అలవాటు ఊరుకోదు కదా,
జేబులోంచి స్టీలు టేపు తీశాను.
కింద సందులోంచి చెయ్యి దూర్చి మొన అందుకుందావిడ.
మూడు మీటర్ల టేపు, మూడూ అయిపోయాయి,
మాను అయిపోలేదు.
మిగిలింది తన మూరతో కొలిచింది: మూడున్నర.
"మూరకి ముద్ర ఉండదమ్మా" అన్నాను.

నవ్వింది.
"నన్ను శేరు తవుడుకి కొన్నారు బావూ.
నా ముందు నలుగురు దక్కలేదు మా యమ్మకి,
ఐదోదాన్ని పొరుగింటికిచ్చీసి, తవుడు పోసి మల్లీ కొనుక్కుంది.
ఆ శేరు సరైందో కాదో
అప్పుడెవులు సూసినారు?"

గాలి లేదు. ఎక్కడో పండిన కాయ
తనని తాను దాచుకోలేకపోతోంది.

"పడిపోయిన వారానికి రంపం మిసనోడొచ్చాడు.
కలపకి ముప్పై ఏలన్నాడు, నాను సరేనన్నాను.
మా ముసిలోడే మంచం మీంచి కేకేసినాడు:
'పడిపోనాదని కోసీసినారంటే
రేపు నన్నేటి సేత్తారే మీరు?'"

ముసలాయన్ని వారానికి రెండుసార్లు
పలాస ఆస్పత్రికి తీసుకెళ్తారట.
రక్తం కడిగే మిషను ఎక్కించే ముందోసారి,
దించాక ఓసారి తూస్తారట.
"ఇయ్యాల రెండున్నర కేజీల నీరు తీసినామంటారు.
ఆ కాటా సరిగ్గున్నాదా బావూ?
మీరు సూసినారా?"

జీడిపప్పు చూశాను, ఎండుచేపలు చూశాను,
బంగారం కొట్లో గురిగింజంత తేడా పట్టుకొని
మెప్పు కూడా పొందాను.
అది చూడలేదు.
"చూస్తాను" అన్నాను.
ఆ మాట ఎంత తూగిందో
ఆవిడ మొహంలో వెతికాను. ఏమీ కనబడలేదు.
చాటలో పిక్కలు ఏరుకుంటోంది.

వచ్చేటప్పుడు ఓ కాయ కోసి ఆటోలో పెట్టింది.
ఎంతమ్మా అంటే
"తూసి సెప్పు" అంది.
గున్నయ్య పగలబడి నవ్వాడు,
దారంతా నవ్వుతూనే ఉన్నాడు.

విశాఖ బండి నేను లేకుండానే వెళ్లింది.
మర్నాడు పొద్దున్నే రాళ్ల పెట్టెతో
ఆస్పత్రి వరండాలో నిలబడ్డాను.
ఏ అధికారంతో వచ్చావన్నారు. కాగితం కావాలన్నారు.
కాగితం రాశాను.
జవాబు ఇంకా రాలేదు.

కొమ్మ తెంపినప్పుడు కారిన పాలు
నా టేపుకి ఎక్కడో అంటుకున్నట్టున్నాయి.
కొబ్బరినూనె రాశాను, కిరసనాయిలు రాశాను.
ఇప్పటికీ లోపలికి చుట్టుకునేటప్పుడు
నలభై ఏడు దగ్గర
ఒక్క క్షణం పట్టుకొని
వదుల్తుంది.