బొత్తాల మేజరు

మొదటి బొత్తాం ఊడిందంటే నమ్మేను.
గోపాల్‌పూర్ కంటోన్మెంటు, సముద్రం పక్క,
ఉప్పుగాలికి ఇనుమే నిలవదు, దారమెంత.
రెండోది ఊడిన వారం
"పెరేడు ఎక్కువైంది" అన్నాడు.
మూడోసారి చొక్కా తిప్పి చూసేను:
దారం కొస నున్నగా ఉంది.
పద్దెనిమిదేళ్ళుగా బరంపురంలో మిషను తొక్కుతున్నదాన్ని,
అరిగి తెగిన దారమేదో
బ్లేడు పెట్టి కోసిన దారమేదో నాకు తెల్దా?
తెలిసీ ఏమీ అనలేదు.
బొత్తానికి ఐదు రూపాయలు.
గుంట బడి ఫీజు కట్టాలి.

పేరు దండపాణి పాత్రో.
చేతిలో దండం లేదు గానీ
అప్పడాల కట్ట ఉంటాది ఎప్పుడూ.
ఎంచేతంటే స్కూటరు నా కొట్టు ముందు ఆపడు,
శత్రువుకి జాడ తెలుస్తాదని కాబోలు,
రెండు కొట్లవతల సూరమ్మ అప్పడాల దగ్గర ఆపి
మొహమాటానికి ఒక కట్ట కొని
గోడవారగా నడిచొస్తాడు.
ఆరడుగుల మనిషి. భాపూర్ బజారంతా చూస్తాది.
ఆఫీసర్ల మెస్సులో నెల్లాళ్ళుగా
పప్పులోకి అప్పడం, పాయసంలోకి అప్పడం.
వంటవాడు బదిలీకి అర్జీ పెట్టుకున్నాడని
సూరమ్మే చెప్పింది, చిల్లర లెక్కపెడుతూ.

సివిల్ బట్టల్లో వస్తే మరీను,
ఠాకురాణి యాత్రకి మొక్కుకుని వేషం కట్టినట్టు
ఇస్త్రీ మడత కూడా అటెన్షన్‌లోనే.

మా మందా, తొమ్మిదేళ్ళది, గుమ్మం దగ్గర కాపలా.
లోపలికి రావాలంటే ఎక్కం చెప్పాలి.
"పదిహేడెనిమిదులు?"
ఆకాశంలో పోయే విమానం
మరుక్షణం ఎక్కడుంటాదో లెక్కగట్టి కొట్టే మనిషి
చెమట తుడుచుకుని, "నూట ఇరవై... ఆరు?"
"మీ గుండు మా బడి మీద పడతాది"
అని తలుపు చెక్క అడ్డం పెట్టింది.
ఆ రోజు చొక్కా ఇవ్వకుండానే వెనక్కి తగ్గేడు.
మర్నాడు అరచేతిలో పెన్నుతో రాసుకొచ్చేడు.

నవ్వకు, నవ్వకు అని నాకు నేనే చెప్పుకున్నాను.
మందా నాన్న కూడా నవ్వించేవాడు.
సూరత్ మరమగ్గాలకి రైలెక్కేడు.
మొదటి ఏడు డబ్బు, రెండో ఏడు ఉత్తరం,
మూడో ఏడు అక్కడో సంసారం ఉందని కబురు.
కొలవకుండా ఏ గుడ్డా కొయ్యను నేను,
ఏ మాటా నమ్మను.

అందుకే ఒకరోజు అన్నాను,
"బొత్తాలు చాలు గానీ, కొత్త చొక్కా కుట్టించుకోండి.
కొలతివ్వండి."
టేపు ఛాతీ చుట్టూ తిప్పేసరికి
ఊపిరి బిగబట్టేడు. నలభై నాలుగు.
మొహం వంకాయ రంగుకి తిరిగింది.
"వదలండి," అన్నాను,
"ఊపిరి బిగబట్టిన మనిషికి కాదు
వదిలిన మనిషికి కుడతాను చొక్కా."
వదిలేడు. నలభై ఒకటి. కొంచెం పొట్ట కూడా.
ఆ పొట్ట చూసేక ఎందుకో
భయం కొంత తగ్గింది.

చొక్కా తీసుకోడానికి వచ్చిన రోజు
జేబులోంచి కాగితం తీసేడు.
పోస్టింగు. తేజ్‌పూర్. రెండేళ్ళు.
చదివి, మడిచి, మళ్ళీ విప్పి చదివేడు
కింది లైన్లో ఎక్కడో నా పేరు ఉందేమో అన్నట్టు.
"అక్కడా టైలర్లుంటారు కదండీ."
"ఉంటారు. ఎక్కాలు అడగరు."
మందా తల ఎత్తలేదు. పెన్సిలు మాత్రం ఆగింది.

ఆఖరి బొత్తాం కుడుతున్నాను.
నాలుగు కన్నాల్లో రెండిట్లోంచే దారం తీసేను.
మెడ చుట్టలేదు. ముడి వెయ్యలేదు.
పద్దెనిమిదేళ్ళలో ఇదే మొదలు.
తేజ్‌పూర్ దాకా నిలిస్తే ఎక్కువ.

"అమ్మా, ముడి మర్చిపోయావు," అంది మందా,
వీధిలోకి వినపడేలాగ.
"నీ ఎక్కం నువ్వు చదువుకో," అన్నాను.

"పదిహేడెనిమిదులు," అన్నాడాయన,
అప్పడాల కట్ట చంకలో పెట్టుకుని,
"నూట ముప్పై ఆరు."
అరచెయ్యి చూడకుండా.