నీరు తేరే గంట

ఆరున్నరకి తాటిపాక సెంటర్లో షట్టరు ఎత్తేసరికే
మెట్ల మీద నలుగురు, పరగడుపు మొహాలతో.

"ఏమీ తినలేదు కదండీ?"
"ఆయ్, ఏమీ లేదండి. టీ ఒక్కటే."
దింపు తీసే మట్టపర్తి వీరాస్వామి
ఎంత ఎత్తు చెట్టుకీ జంకడు,
నా సూదికి మాత్రం మొహం గోడవైపు తిప్పేస్తాడు.
రేపు రమ్మంటే అలిగాడు.
ఫరవాలేదు, నా దగ్గర ఇంకో గొట్టం ఉంది.
ఇవాళ్టి పస్తుని అది లెక్కచెయ్యదు.
రెండు నెలల కింద ఎవరి పెళ్ళిలోనో తిన్న కాజాలు
ఎర్రకణాలకి ఇంకా అంటుకునే ఉంటాయి.

నరం దొరకడమంటే బోదె దొరకడమే.
నాకు పని నేర్పిన పోలయ్య గారు కళ్ళు మూసుకుని వెతికేవారు.
"చూడకు, తడుము. ఎండిన కాలవైనా
వేలికింద ఎక్కడో మెత్తగా తగులుద్ది."

ఊదా మూత. బూడిద మూత. ఎర్ర మూత.
రొయ్యల చెరువు కాపలా నల్లి ఏసుపాదం
క్రియాటినిన్ అంటే ఏటండీ అన్నాడు.
శంకరగుప్తం డ్రెయిను పూడిపోతే ఏమవుద్ది, అన్నాను.
"ఉప్పునీరు ఎనక్కి తన్నుద్దండి. కొబ్బరి మొవ్వు ఎండిపోద్ది."
అంతే. ఎంత పూడిందో చూసే గెడ అది.
అతను ఇంకేమీ అడగలేదు.
అంత బాగా చెప్పకుండా ఉండాల్సింది.

పీచు ఫ్యాక్టరీ నుంచి గెడ్డం సువార్త,
గోళ్ళ సందున ఇంకా పొట్టు.
కంటి కింది రెప్ప లాగి చూశాను, సున్నం కొట్టినట్టుంది.
చీటీలో రెండే: హెచ్‌బి, ఈఎస్ఆర్.
"ఈ తీసిందంతా ఎవరికి ఎక్కిస్తారండి?"
ఎవరికీ కాదు. చూసి పారేస్తాం.
"అయ్యో" అంది, పాలు ఒలికినట్టు.

సన్నటి గాజు గొట్టంలో ఆమె నెత్తురు నిలబెట్టి
చీటీ వెనక టైము రాసుకున్నాను.
దీనికి మిషను లేదు నా దగ్గర.
ఊరికే నిలబెట్టడం, ఊరికే చూడడం. ఒక గంట.

శ్రావణంలో ఎర్రనీరొస్తే
అమ్మమ్మ బిందె లోపల ఇండుపగింజ అరగదీసి
"కదపకండే" అని కాపలా కూర్చునేది.
ఒండ్రు దిగేది, పైన నీరు తేరేది.
ఎంత తొందరగా తేరితే మాకంత సంబరం.

ఇక్కడా అదే ఎరుపు దిగుతుంది,
లేత పసుపు తేట పైన నిలుస్తుంది.
తొందరపడి దిగిందంటే మాత్రం
లోపల ఎక్కడో మంట.
ఏ మంటో చెప్పదు. పొగ చూపిస్తుంది,
ఇల్లు డాక్టరు గారు వెతుక్కోవాలి.

పని పోతుందని సువార్త రెండుసార్లు లేచింది,
రెండుసార్లూ మళ్ళీ బల్ల మీదే కూర్చుంది.
నా చేతులు నేనే కట్టుకున్నాను.
కదపకండే.

డెబ్భై నాలుగు.
హెచ్‌బి ఆరు పాయింటు ఎనిమిది.

"మంచిదేనాండీ?"
పందొమ్మిదేళ్ళుగా ఈ మాటకి ఒకటే జవాబు నాకు:
డాక్టరు గారికి చూపించండి.
ఇవాళా అదే అన్నాను.
లేవబోయి గోడ పట్టుకుంది.
"నిన్న మధ్యాన్నం నుంచీ ఏమీ తిన్లేదండి,
నెత్తురు చూపించుకోవాలని."

ఈ రెండింటికీ పస్తు అక్కర్లేదని
ఆమెకి ఎవరూ చెప్పలేదు.
గంటసేపు ఎదురుగా కూర్చుని
నేనూ అడగలేదు.

ఫ్లాస్కు మూత తిప్పుతుంటే చెయ్యి జారింది.