అన్నిటికన్నా కింద

ఆ రేత్రి పిక్కల ఫేక్టరీలో టీవీ ఎట్టినారు.
ఇరవయ్యారు దేశాల పాటలపోటీ.
మన దేశం తరపున
మా పలాస తవిటమ్మ.

గంపెడు పిక్కలు కొట్టేదాకా సాగే పాటని
మూడు నిమిషాలకి కత్తిరించినారట.
జీడిసొన కాల్చిన వేల్లకి
తెల్ల తొడుగులేసినారు.

మార్కులు చదువుతుంటే
మన పేరు కిందకి, ఇంకా కిందకి,
తెర అంచుదాకా జారిపోనాది.
సున్న.
కాటా రాసే గురువులు టీవీ కట్టీసినాడు.

సోమవారం వచ్చీసింది. తన పీట మీదే కూకుంది.
"ఏటే, అక్కడెలగుంది?"
"నీల్లు సోడానాగ గుచ్చుతాయే."
పిక్కని కత్తి కింద ఎట్టి
వాల్లు కోసీసిన నాలుగో చరణం ఎత్తుకుంది.
మిషన్లన్నీ నెమ్మదించినాయి.

సాయంత్రం అందరి గంపలూ తక్కువే తూగినాయి.
గురువులు ఉన్నదున్నట్టే రాసినాడు,
అన్నిటికన్నా కింద తవిటమ్మ పేరు.